గార వేరు, పుప్పి వేరు

నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములలో పండ్లపై పసుపు, గోధుమ రంగు గారలు గలవారు నేటికిని పలు గ్రామములలో కనిపింతురు. పెండ్లిచూపులు సమీపించగానే తల్లులు ఆడపిల్లలను వెంటబెట్టుకొని వచ్చి, "అయ్యా, ఈ గార పోయే పొడి ఏదన్న ఇయ్యుండ్రి" అని అడుగుదురు. నోరు తెరిపించి చూచినచో, ముందరి పండ్ల గారకన్న లోపలి దవడపంటిలోని నల్లని గుంటయే నాకు ఎక్కువ భయము కలిగించును. ఈ రెంటికిని గల భేదమును ప్రతి గృహిణియు తెలిసికొనవలెను.

గార ఎట్లు కలుగును?

త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. మునుగోడు, మర్రిగూడ వంటి చోట్ల బోరునీటిలో ఈ హద్దు మించినది. దవడలో పన్ను రూపుదిద్దుకొను బాల్యములో, అనగా సుమారు ఎనిమిదేండ్ల లోపున, అట్టి నీరు త్రాగినచో పంటి పింగాణి లోపముతో ఏర్పడును. అది పైపూత కాదు. కావున ఇటుకపొడి, బొగ్గుపొడి వేసి రుద్దినచో గార పోదు సరికదా, పింగాణియే అరిగి చల్లనీరు తగిలినంతనే పన్ను జివ్వుమనును. నీటిని కాచినను ఫ్లోరైడు తొలగదు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా వచ్చు నదీజలమునే పిల్లల త్రాగుటకును, వంటకును వాడవలెను.

పుప్పి ఎట్లు కలుగును?

పుచ్చిన పంటిని సుశ్రుతుడు కృమిదంతమని పేర్కొనెను. ఆ పేరును బట్టి వాకుడు గింజల పొగ పట్టించి పురుగులు రాల్చువారు కలరు. అట్లు రాలునవి పురుగులు కావు. నోటిలో కంటికి కనబడని సూక్ష్మజీవులు తీపిని, పంటిసందున నిలిచిన పిండిపదార్థమును ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము పింగాణిని కరిగించి గుంట చేయును. మాటిమాటికి చాక్లెట్లు, బిస్కట్లు తినుట, పాలసీసా నోట నుంచుకొని నిద్రించుట దీనికి ముఖ్య కారణములు. తెల్లగా మెరయు పంటికిని పుప్పి రాగలదు.

నివారణము

వేప, కానుగ, చండ్ర పుల్లలు దంతధావనమునకు శ్రేష్ఠములు. చిటికెనవ్రేలి లావుగల పుల్లను కుంచెవలె నమలి, చిగుళ్ళు గాయపడకుండ తోమవలెను. రాత్రి పరుండుటకు ముందు ఫ్లోరైడు పేస్టుతో తప్పక తోముకొనవలెను. మూడేండ్లలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆరేండ్ల వరకు బఠాణీగింజంత పేస్టు చాలును. దానిని మ్రింగక ఉమ్మివేయునట్లు పెద్దలు దగ్గరనుండి చూడవలెను. బోరునీరే త్రాగు ఇండ్లలో పిల్లల పేస్టు విషయమై దంతవైద్యుని అడుగవలెను. నువ్వులనూనె పుక్కిలించుట నోటికి మేలే గాని, తోముటకు బదులు కాదు.

నొప్పి వచ్చినపుడు

గ్లాసు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు కలిపి పుక్కిలించవలెను. పెద్దవారైనచో దూదిని లవంగనూనెలో కొద్దిగా తడిపి, చిగురుకు తగులకుండ గుంటలో నుంచవచ్చును. పసిపిల్లలకు ఇది కూడదు. నొప్పి తగ్గినంతనే రోగము తగ్గెనని తలపరాదు. పడిన గుంట తనంతట పూడదు. చిన్నగా నున్నపుడే దంతవైద్యునిచే పూడ్పించుకొన్నచో పన్ను దక్కును. దవడ వాచినను, జ్వరము వచ్చినను, నోరు తెరచుట, మ్రింగుట కష్టమైనను అదే దినమున ఆసుపత్రికి వెళ్ళవలెను.

కదలుచున్న కృమిదంతమును పెకలించి, ఆ స్థానమును కాల్చవలెనని సుశ్రుతుడే చెప్పెను. ఔషధము చాలని చోట శస్త్రవైద్యుని ఆశ్రయించుట మన శాస్త్రమునకు క్రొత్త కాదు. గారను చూచి బిడ్డను చిన్నబుచ్చకుడు. నెలకొకసారి వెలుతురులో నోరు తెరిపించి దవడపండ్లను చూడుడు.