ఒకే ఏడాది పుట్టినా ఒంటి వయసు ఎందుకు వేరు?

తెలంగాణలోని నస్పూర్ చుట్టూ సింగరేణి బొగ్గు గనులున్నాయి. గని కార్మికులకు కనీసం ఐదేళ్లకోసారి వైద్యపరీక్ష చేయాలని గనుల నియమావళి, 1955 చెప్పింది. పుట్టినతేదీ రికార్డులో ఉండగా ఈ పరీక్షలెందుకు? ఒకే ఏడాది పుట్టిన ఇద్దరి ఊపిరితిత్తులు ఒకేలా ముదరవు కాబట్టి. బొగ్గు ధూళి ఏళ్ల తరబడి లోపలికి పోతే ఊపిరితిత్తుల కణజాలం గట్టిపడుతుంది, గాలి పీల్చే శక్తి తగ్గుతుంది. ఇలా శరీరం ఎంత అరిగిందో చూసి అంచనా వేసేదే జీవ వయసు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టినవారిని శాస్త్రవేత్తలు చిన్నప్పటి నుంచీ పరిశీలిస్తున్నారు. వాళ్లకు 38 ఏళ్లప్పుడు రక్తపోటు, ఊపిరితిత్తులు, మూత్రపిండాల పనితీరు వంటివి కొలిచారు. 2015లో వెలువడిన ఆ ఫలితాల్లో కొందరి జీవ వయసు 30 లోపే ఉంది, కొందరిది 60 దాటింది!

అదంతా వంశం నుంచి వచ్చిందే కదా అనవచ్చు. వంశానికి పాత్ర ఉంది, కాదనలేం. కానీ మన డీఎన్ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులుంటాయి. వయసుతో అవి మారతాయి, పొగతాగినా మారతాయి. 2013లో స్టీవ్ హోర్వత్ అనే శాస్త్రవేత్త డీఎన్ఏ మీద అలాంటి గుర్తులుండే 353 చోట్లను చూసి వయసును అంచనా వేసే పద్ధతి చెప్పారు. అయితే డబ్బు కట్టి ఆ పరీక్ష చేయించుకోవాలా? అక్కర్లేదనే నా అభిప్రాయం. ఒకే మనిషికి వేర్వేరు పద్ధతులు వేర్వేరు అంకెలు చూపుతాయి. రక్తపోటు, షుగరు, ఊపిరి పరీక్షలు చవక, వాటితో ఏం చేయాలో డాక్టరుకు తెలుసు. మీ ఇంట్లో గనికి వెళ్లేవాళ్లుంటే వాళ్ల పరీక్ష తేదీ దాటనివ్వకండి, బీడీ మానమని గట్టిగా అడగండి.