యార్క్‌షైరు మూర్లలో కాలినడక

దేశాటనము జ్ఞానమును పెంచునని పెద్దలు చెప్పుదురు. రైలులోనో బస్సులోనో పోవువాడు ఊళ్లను చూచును. కాలినడకను పోవువాడు ఊరికిని ఊరికిని నడుమనున్న నేలను గూడ చూచును. ఆ నేల సంగతి తెలిసినగాని ఊరి చరిత్ర పూర్తిగా బోధపడదు. ఇంగ్లండు దేశమునందలి ఉత్తర యార్క్‌షైరు సీమ ఇందుకు చక్కని నిదర్శనము.

ఈ సీమకు తూర్పున ఉత్తర సముద్రము కలదు. ఒడ్డు నుండి పడమరగా పోయిన కొలది నేల క్రమముగా ఎత్తై, విశాలమైన మెట్ట బయలుగా మారును. చెట్లు లేక, పొదలతోను గడ్డితోను నిండి, ఎల్లప్పుడు గాలి వీచుచుండు ఇట్టి మెట్టను ఆంగ్లమున 'మూర్' అందురు. ఈ మూర్లలో మిక్కిలి ఎత్తైన చోటు సముద్రమట్టమునకు 454 మీటర్లు మాత్రమే. కావున పర్వతారోహణమున అలవాటు లేనివారును, పిల్లలును, పెద్దవారును నడువదగిన సులభమైన త్రోవలు ఇచ్చట పెక్కు కలవు. 1952వ సంవత్సరమున ప్రభుత్వము ఈ ప్రాంతమును జాతీయోద్యానముగా ఏర్పాటు చేసినది. దీని వైశాల్యము సుమారు 1,436 చదరపు కిలోమీటర్లు.

మూర్లకు అందము తెచ్చునది 'హెదర్' అను చిన్న పొద. ఇది మోకాలెత్తునకు మించి పెరుగుట అరుదు. సంవత్సరములో అధికభాగము గోధుమవన్నె కలిగియుండు ఈ పొద, ఆగస్టు నెలలో, అనగా మనకు శ్రావణమాసము నడచు దినములలో, విరగబూయును. అప్పుడు కనుచూపు మేర నేల యంతయు ఊదారంగు తివాచీ పరచినట్లుండును. తేనెటీగల ఝంకారము, గొఱ్ఱెల అరపులు, కౌజుపిట్టను పోలిన గ్రౌజు పక్షుల కూతలు తప్ప అచ్చట వేఱొక సవ్వడి వినరాదు.

ఈ బయలును చూచినవారు ఇది అనాదిగా ఇట్లే యున్నదని తలంతురు. అది నిజము కాదు. పూర్వము ఈ మెట్టలపై అడవులుండెను. కంచుయుగపు మనుష్యులు పంటలకొరకును పశువుల మేతకొరకును చెట్లను నరకిరి. నీడ పోయిన నేలలోని సారమును వానలు కడిగివేసినవి. పంటలు పండని ఆ నిస్సారమైన నేలలో హెదర్ పాదుకొన్నది. తేమ నిలిచినచోట్ల చచ్చిన మొక్కలు పూర్తిగా కుళ్లక, పొరమీద పొరగా పేరుకొని, 'పీట్' అను నల్లని మెత్తని నేలగా మారినవి. ఆ ప్రాచీనులు తమ మృతులపై పోసిన మట్టిదిబ్బలు నేటికిని మెట్టల శిఖరములపై కానవచ్చును. తరువాతి కాలమున గొఱ్ఱెల మేత వలనను, లేత చిగురులకొరకు ముదురు పొదలను కొద్దికొద్దిగా కాల్చు పద్ధతి వలనను ఈ బయలు బయలుగానే నిలిచినది. నడచువాని కంటికి శూన్యముగా తోచునది నిజమునకు మనుష్యుల చేతిపనియే.

నైరృతి అంచున హెల్మ్స్‌లీ అను చిన్న పట్టణము కలదు. సంతవీథి ప్రక్కనే పండ్రెండవ శతాబ్దమున కట్టిన కోట శిథిలమై నిలిచియున్నది. రాజునకును పార్లమెంటునకును జరిగిన అంతర్యుద్ధములో 1644లో పార్లమెంటు సైన్యము దీనిని ముట్టడించి వశపరచుకొని, మరల యుద్ధమునకు పనికిరాకుండ పడగొట్టెను. ఈ కోట చెంతనుండి బయలుదేరి, పొలములగుండను తోపులగుండను సుమారు ఐదు కిలోమీటర్లు నడచినచో రీవో అను లోయ వచ్చును. అచ్చట 1132లో సిస్టెర్షియన్ క్రైస్తవ సన్న్యాసులు ఒక గొప్ప మఠమును స్థాపించిరి. వారు మెట్టలపై వేలకొలది గొఱ్ఱెలను పెంచి, ఉన్నిని విదేశములకు అమ్మిరి. పైకప్పు లేని ఆ మఠపు ఎత్తైన కమానులను చూచునపుడు, ఆ ఐశ్వర్యమునకు మూలము తాము నడచివచ్చిన నేలయే అని గ్రహింపవచ్చును. 1538లో ఎనిమిదవ హెన్రీ రాజు ఈ మఠమును మూయించెను.

అచ్చటినుండి ఈశాన్యముగా పోయినచో మూర్ల నడిబొడ్డున రోజ్‌డేల్ లోయ కలదు. పందొమ్మిదవ శతాబ్దమున ఇచ్చట ఇనుపరాయి త్రవ్విరి. రాతిని పెద్ద బట్టీలలో కాల్చి, తేమను వాయువులను పోగొట్టి, బరువు తగ్గించిన పిమ్మట రైలుబండ్లపై ఉత్తరమునందలి కొలుములకు పంపుచుండిరి. 1861లో వేసిన ఆ రైలుమార్గమును 1929లో మూసివేసి, పట్టాలను తొలగించిరి. బండ్లు నడచుటకై నేలను సమముగా చదును చేసియుండుటచేత, నేడది మెట్ట అంచు వెంబడి సాగు సుఖమైన కాలిబాట అయినది. లోయ అంచున బట్టీల కమానులు నేటికిని నిలిచియున్నవి.

రోజ్‌డేలునకు పడమటనున్న మెట్టపై, బాట ప్రక్కన, రాల్ఫ్ శిలువ అను రాతిస్తంభము కలదు. పొగమంచులో బాటసారులు దారి తప్పకుండుటకై పూర్వులు ఇట్టివి నాటిరి. కలవారు శిలువ నెత్తిననున్న గుంటలో నాణెములుంచి పోగా, తరువాత వచ్చిన పేదలు తీసికొనుట ఆచారమట. ఈ శిలువయే జాతీయోద్యానమునకు చిహ్నము.

తూర్పున గోత్‌లాండు గ్రామమునుండి గ్రోమాంట్ గ్రామమునకు పోవు త్రోవ మఱింత సులభము. ఇంచుమించు దారి పొడుగునను దిగుడే. ఇది జార్జి స్టీఫెన్‌సన్ నిర్మింపగా 1836లో ప్రారంభమైన రైలుమార్గపు జాడ. మొదట దీనిపై బండ్లను గుఱ్ఱములు లాగెడివి. గ్రోమాంట్ నుండి రైలెక్కి ఎస్క్ నది వెంట పోయినచో విట్బీ రేవు చేరవచ్చును.

విట్బీలో కొండపైనున్న మఠమునకు 199 మెట్లు ఎక్కవలెను. 657లో స్థాపింపబడిన తొలి మఠమునకు హిల్డా అను విదుషీమణి అధిపతిగా నుండెను. 664లో ఇచ్చట జరిగిన సభలో, ఈస్టరు పండుగను ఐర్లండు సంప్రదాయమును అనుసరించి కాక రోము సంప్రదాయమును అనుసరించి జరుపవలెనని నిర్ణయించిరి. ఇదే మఠమున పశువులు కాచుకొను కాడ్మన్ అనువాడు పాటలు కట్టెను. పేరు తెలిసిన ఆంగ్లకవులలో అతడే ప్రథముడు. వేయి సంవత్సరములు గడచిన పిమ్మట, 1746లో, జేమ్స్ కుక్ అను యువకుడు ఓడపని నేర్చుకొనుటకు ఈ రేవునకే వచ్చెను. 1768లో అతడు పసిఫిక్ మహాసముద్రమునకు పయనమైన ఎండెవర్ నౌక విట్బీలోనే బొగ్గు మోయుటకై కట్టిన ఓడ.

ఇంగ్లండునందలి మూర్లపై స్వేచ్ఛగా నడచు హక్కు సామాన్యులకు సులభముగా లభింపలేదు. చాల మూర్లను భూస్వాములు గ్రౌజు వేటకొరకు తమ అధీనమున నుంచుకొని, ఇతరులను రానీయకుండిరి. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టరు మున్నగు పట్టణములనుండి వచ్చిన కొన్ని వందలమంది, డెర్బీషైరు సీమలోని కిండర్ స్కౌట్ అను మెట్టపైకి నిషేధమును ధిక్కరించి నడచిరి. వారిలో ఐదుగురికి రెండు మొదలు ఆరు నెలల వరకు కారాగారశిక్ష పడెను. ప్రజాభిప్రాయము మాత్రము వారి పక్షముననే బలపడినది. 1949లో జాతీయోద్యానముల చట్టము వచ్చినది. 2000వ సంవత్సరపు చట్టము వలన ఇంగ్లండు, వేల్సు దేశములలో గుర్తింపబడిన మూర్లపై బాట విడిచియు నడచు హక్కు అందఱకు కలిగినది.

హక్కుతోపాటు బాధ్యతయు వచ్చినది. గ్రౌజు మొదలగు పక్షులు నేలపైననే గూళ్లు కట్టుకొనును. అందుచేత ఇట్టి భూములలో మార్చి 1 నుండి జూలై 31 వరకు కుక్కలను చిన్న త్రాటితో పట్టుకొనియే నడిపింపవలెను. అంతకంటె పెద్ద భయము నిప్పు. ఎండిన హెదరునకు నిప్పంటినచో మంట గాలివేగమున ప్రాకును. క్రిందనున్న పీట్ సైతము రాజుకొని, పైకి కానరాక దినములకొలది లోలోపల కాలుచుండును. 2003 సెప్టెంబరులో విట్బీకి దక్షిణముననున్న ఫైలింగ్‌డేల్స్ మూర్ ఇట్లు కాలిపోయినది. బూడిద తొలగిన నేలపై ప్రాచీనులు చెక్కిన రాళ్లు బయల్పడగా పండితులు ఆశ్చర్యపడిరి. కాని, నేలను కప్పియుంచు పొదలు పోవుటచే ఆ రాళ్లకే వానవలనను గాలివలనను ముప్పు కలిగినది. 2025 ఆగస్టులో లాంగ్‌డేల్ మూర్‌లో చెలరేగిన మంటలు సుమారు 25 చదరపు కిలోమీటర్ల నేలను కాల్చినవి.

కాలిన హెదర్ కొన్ని సంవత్సరములకు మరల చిగిర్చి పూయును. పీట్ అట్లు కాదు. అది సంవత్సరమునకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు చొప్పున మాత్రమే పెరుగును. ఒక మీటరు మందము ఏర్పడుటకు వేయి సంవత్సరములు పట్టును. అందువలననే మూర్లపై నడచువారు నిప్పు వెలిగింపరాదనియు, తెచ్చుకొన్న వస్తువులన్నియు తిరిగి తీసికొనిపోవలెననియు బాటల మొదట పలకలు కట్టియుందురు. ఆ నియమమును పాటించుట కష్టము కాదు. పాటింపకున్నచో కలుగు నష్టము మాత్రము ఒక్క తరములో తీరునది కాదు.