ఒక్కడే ఒక మేళము

నంద్యాల జిల్లా చాగలమర్రి ప్రాంతమున ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ తరతరములుగా పాటలలో నిలిచియున్నది. 1847లో ఆంగ్లేయులు ఉరితీసిన ఆ వీరుని జనుల గొంతుకలే బ్రతికించినవి. ఇట్టి గాథలకు ప్రాణము పోయు కళ బుర్రకథ.

అందు ప్రధాన కథకుడొక్కడే ఒక మేళమునకు సమానము. భుజముపై తంబురను మీటును; చేతనున్న లోహపు అందెలతో తాళము వేయును; కాలి గజ్జెలు మ్రోయ చిందులు వేయును; నోట కథ పాడును. వంతలిద్దరు డక్కీలు వాయించుచు వంతపాడుదురు. కథకుని అడుగు తప్పిన తాళము చెడును. తాళము చెడిన కథకు రసము తప్పును.

గుంటూరు జిల్లా పొన్నెకల్లున 1920లో జన్మించిన షేక్ నాజర్ ఈ కళలో మేటియై 1986లో పద్మశ్రీ పొందెను. ఈ విద్య పుస్తకము చదివిన రాదు. గురువు చెంత నేర్వవలయును. నేర్చువారు లేకున్న ఆ కథలును మూగవోవును.