నూనెలో ఉబ్బే మట్టి

నల్లరేగడి ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బి మూసుకుంటుంది. నాగర్‌కర్నూల్ జిల్లా ఉప్పునుంతల వైపు రేగడి చెలకల్లో పత్తి వేసే రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. అదును తప్పితే ఆ నేలలో గొర్రు దిగదు. ఈ ఉబ్బుకు మూలం మాంట్‌మోరిల్లనైట్ అనే ఖనిజం. అది దండిగా ఉండే మట్టి బెంటొనైట్. దానికి రసాయనం పట్టించి, నీళ్లకు బదులు నూనెలో ఉబ్బేలా మార్చినదే ఆర్గానోక్లే. కిటికీ గ్రిల్లుకు పూసే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్లలో, సిమెంటు కిల్నుల దగ్గర వాడే గ్రీజుల్లో, చమురు బావుల డ్రిల్లింగ్‌ బురదలో పేరు తెలియకుండానే పనిచేసే పొడి ఇది.

మాంట్‌మోరిల్లనైట్ రేకు మందం సుమారు 1 నానోమీటరు. వెడల్పు మాత్రం అంతకు వందల రెట్లు. విస్తరాకుల కట్టలాగా ఈ రేకులు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. రేకులో కొన్ని అల్యూమినియం పరమాణువుల చోట మెగ్నీషియం చేరడం వల్ల రుణావేశం మిగిలిపోతుంది. దాన్ని సరిపెట్టేందుకు సందుల్లో సోడియం, కాల్షియం అయాన్లు నిలుస్తాయి. వాటిని ఆశ్రయించి నీళ్లు చేరతాయి, కట్ట విడివడుతుంది. ఈ అయాన్లకు అక్కడ శాశ్వత హక్కేమీ లేదు. మరో ధనావేశ అయాన్ వస్తే చోటిచ్చి తప్పుకుంటాయి. చల్లిన పొటాష్ ఒక్క వానకే కొట్టుకుపోకుండా రేగడి పట్టి ఉంచేది ఈ మార్పిడి వల్లనే.

కథ మొదలైంది కూడా ఆ మార్పిడి దగ్గరే. 1934లో సి.ఆర్. స్మిత్ బెంటొనైట్‌లోకి సేంద్రియ క్షారాల లవణాలను ఎక్కించి చూశాడు. 1939లో మృత్తికా శాస్త్రవేత్త జె.ఇ. గీసెకింగ్ పెద్ద సేంద్రియ అయాన్లు చేరిన మట్టికి నీళ్లలో ఉబ్బే గుణం పోతుందని గమనించాడు. గీసెకింగ్‌ది రంగుల వ్యాపారం కోసం చేసిన పని కాదు. నేల స్వభావం తెలుసుకోవాలన్న ఆసక్తితో చేసిన పరిశోధన.

నీళ్లను వద్దన్న మట్టి నూనెను రానిస్తుందా? జవాబు అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, మెలన్ ఇన్‌స్టిట్యూట్‌లో జాన్ డబ్ల్యు. జోర్డాన్‌ ప్రయోగాల్లో దొరికింది. పొట్టి కార్బన్ గొలుసులతో పని కాలేదు. గొలుసు పది, పన్నెండు కార్బన్లకు పెరిగి రేకు ముఖాన్ని తగినంత కప్పాకే మట్టి సేంద్రియ ద్రవాల్లో ఉబ్బింది. 1949లో ఆ వివరాలు ప్రచురించాడు. 1950లో జోర్డాన్‌కూ, ఎర్నెస్ట్ హౌసర్‌కూ విడివిడిగా పేటెంట్లు వచ్చాయి. నేషనల్ లెడ్ కంపెనీ ఆ పొడిని బెంటోన్ పేరుతో అమ్మింది.

తయారీ వినడానికి తేలికే. బెంటొనైట్‌ను నీళ్లలో కలిపి ఇసుకను వేరుచేస్తారు. తేరిన పలుచటి మట్టినీళ్లలో క్వాటర్నరీ అమ్మోనియం లవణం పోస్తారు. పశువుల కొవ్వు నుంచి తీసిన 18 కార్బన్ల గొలుసులు దానికి తోకల్లా ఉంటాయి. అప్పటిదాకా నీళ్లలో కలిసిపోయి ఉన్న మట్టి చూస్తుండగానే తునకలుగా విరిగి నీటిని వదిలేస్తుంది. వడకట్టి, ఆరబెట్టి, మెత్తగా మర పడతారు. చేతికొచ్చే పొడి బరువులో మూడోవంతు దాకా ఆ లవణానిదే.

మరి పాలమూరు రేగడినే తవ్వి ఇలా మార్చవచ్చా? అందులో సున్నం, ఇనుము, ఇసుక కలిసి ఉంటాయి; పరిశ్రమ కచ్, బాడ్‌మేర్ ప్రాంతాల బెంటొనైట్‌నే వెతుక్కుంటుంది. రేగడికి చేలో ఉండటమే గౌరవం. రేకుల సందులను మరో పనికి వాడుకున్న ఘనత మాత్రం హైదరాబాద్‌కు ఉంది. అక్కడి రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో బి.ఎం. చౌదరి బృందం మాంట్‌మోరిల్లనైట్‌లో పల్లాడియం పొదిగి ఉత్ప్రేరకాలు రూపొందించింది.

ఇక ఆర్గానోక్లే పొడిని నూనెలో వేసినంత మాత్రాన చిక్కదనం రాదు. కట్ట విప్పాలి. అందుకు గిర్రున తిరిగే మిక్సర్ కావాలి, చాలాసార్లు కాస్త మెథనాలో ప్రొపిలీన్ కార్బొనేటో కూడా కావాలి. విడిపోయిన రేకుల అంచులు, లేశమాత్రపు తేమ ఆసరాతో, ఒకదాన్నొకటి పట్టుకుని ద్రవమంతా వలలా అల్లుకుంటాయి. వందకు ఒక పాలు పొడి కూడా రంగుకు ఎక్కువే కావచ్చు. బ్రష్ లాగగానే వల తెగి రంగు జారుతుంది, చెయ్యి ఆగగానే మళ్లీ అల్లుకుంటుంది. కాబట్టే నిలువు ఇనుప పట్టీ మీద ప్రైమర్ కన్నీటి చారల్లా కారిపోదు. నెలల తర్వాత డబ్బా మూత తీసి పుల్ల దించినా, అడుగున బరువైన ఐరన్ ఆక్సైడ్ రాయిలా గట్టిపడి తగలదు.

గ్రీజులో దీని బలం వేరు. లిథియం సబ్బుతో చేసిన మామూలు గ్రీజు సుమారు 180–190 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి కారుతుంది. మట్టికి కరగడం లేదు కాబట్టి, ఆ వేడికి అందులోని నూనె తట్టుకున్నంత కాలం గ్రీజు బేరింగ్‌ను వదలదు. మెకానిక్కులు ఒక్కటి గుర్తుంచుకోవాలి: మట్టి గ్రీజును, లిథియం గ్రీజును కలిపితే చాలాసార్లు రెండూ పలుచబడి బయటికి కారతాయి. గ్రీజు గన్నులో రకం మార్చే ముందు పాతది పూర్తిగా తీసి, బేరింగ్ కడిగి, తుడిచాకే కొత్తది పట్టించాలి.