చర్చి వాకిట నీళ్ళ పంచాయితీ

స్పెయిన్ దేశానికి తూర్పు తీరాన, మధ్యధరా సముద్రం పక్కన, వలెన్సియా అనే నగరం ఉన్నది. మీరు ఎప్పుడైనా ఆ ఊరు వెళ్ళడం తటస్థిస్తే, గురువారం నాడు పన్నెండు గంటలకు కొంచెం ముందుగానే అక్కడి పెద్ద చర్చి దగ్గరకు చేరుకోండి. చర్చికి "అపోస్తలుల ద్వారం" అని ఒక వాకిలి ఉన్నది. ఆ వాకిట ఇనుప కటకటాలు పెట్టి, లోపల ఎనిమిది పాతకాలపు కుర్చీలు అర్ధచంద్రాకారంగా వేసి ఉంటారు. చుట్టూ జనం మూగి ఉంటారు.

గంట పన్నెండు కొడుతుంది. నల్లని వదులు చొక్కాలు తొడుక్కున్న ఎనిమిదిమంది వచ్చి ఆ కుర్చీలలో కూర్చుంటారు. వాళ్ళను చూసి పాద్రీలనో, ప్లీడర్లనో అనుకునేరు! వాళ్ళు రైతులు. వాళ్ళే న్యాయమూర్తులు కూడా. అది నీళ్ళ కోర్టు.

పొడుగాటి కర్ర పట్టుకున్న బంట్రోతు ఒకడు ముందుకు వస్తాడు. ఆ కర్రకు చివర ఇత్తడి కొక్కెం ఉంటుంది. ఒకప్పుడు కాలువ తూముల పలకలను పైకి లాగటానికి వాడిన కొక్కెమే అది. "క్వార్ట్ కాలువలో ఫిర్యాదుకు గురైనవారు!" అని అతను కేకవేస్తాడు. ఎవరూ రాకపోతే రెండవ కాలువ పేరు పిలుస్తాడు. తరువాత మూడవది. ఇలా ఎనిమిది కాలువలనూ పిలవాలి.

ఈ ఎనిమిది కాలువల సంగతేమిటో తెలియాలంటే ముందు ఆ నేలను గురించి తెలుసుకోవాలి. వలెన్సియా చుట్టూ ఉన్న మాగాణి మంచి సారవంతమైనదే గాని, ఎండాకాలంలో అక్కడ వాన చుక్క రాలటం అరుదు. ఉన్న ఆధారమల్లా తూరియా అనే ఏరు. ఆ ఏటినుంచి ఎనిమిది కాలువలు తవ్వి, కూరగాయల మళ్ళకూ, పండ్ల తోటలకూ నీరు పారించుకున్నారు. సుమారు పదమూడు వందల ఏళ్ళ క్రితం ఆ దేశం అరబ్బుల ఏలుబడిలోకి వచ్చింది. కాలువల సేద్యాన్ని పెంచినవారు వారే. స్పానిష్ భాషలో కాలువను "అసేకియా" అంటారు. అది అరబ్బీ మాటే. నారింజ చెట్టును అక్కడికి తెచ్చినదీ అరబ్బులే. దానిని స్పెయిన్‌లో ఏమంటారో తెలుసా? "నరంహా"! మన దేశపు "నారంగ" శబ్దమే పారశీకం మీదుగా, అరబ్బీ మీదుగా అంతదూరం ప్రయాణం చేసింది.

1238లో జౌమే అనే క్రైస్తవ రాజు వలెన్సియాను జయించాడు. గెలిచిన రాజు పాత పద్ధతులన్నీ తుడిచిపెట్టటం మామూలే. కాని ఈ రాజు నీళ్ళ విషయంలో మాత్రం, అరబ్బుల కాలంలో ఎలా జరిగేదో అలాగే జరగాలని శాసనం చేశాడు. తెలివైనవాడు! నీటి వంతులు కలగాపులగం చేస్తే ఆ ఏడు పంట ఉండదని అతనికి తెలుసు.

ఏటినీటిని వాళ్ళు పంచుకునే తీరు కూడా చక్కనిది. ఫలానా కాలువకు ఇన్ని కడవలని లెక్క పెట్టరు. ఏటిలో ఎంత ఉంటే అంతలో ఇన్ని వంతులని లెక్క. నీరు పుష్కలంగా ఉన్ననాడు వంతు పెద్దది. ఏరు సన్నగిల్లిననాడు అందరి వంతూ సన్నగిల్లుతుంది. నీటి హక్కు పొలాన్ని అంటుకునే ఉంటుంది. పొలం ఉంచుకుని నీటిని మాత్రం అమ్ముకుంటానంటే వీలులేదు.

సరే, ఒక రైతు తన వంతు రాకముందే రాత్రివేళ తూము ఎత్తాడనుకోండి. లేదా నీరు ఎక్కువగా వదిలి పక్కవాడి మడి ముంచాడనుకోండి. కాలువ కావలివాడు అతన్ని వచ్చే గురువారం రమ్మంటాడు. కోర్టులో ప్లీడర్లు ఉండరు. ఫిర్యాదు రాసుకురానక్కరలేదు. ఎవరి సంగతి వారే, ఆ ప్రాంతపు భాషలో, నోటితో చెప్పుకోవాలి. సభాపతి "మీరు మాట్లాడండి" అంటూ, ఎవరు మాట్లాడాలో వారివైపు కాలితో చూపిస్తాడు! మన ఇళ్ళలో ఎవరినైనా కాలితో చూపిస్తే బామ్మలు ఊరుకుంటారా? అక్కడ అది తప్పు కాదు; పాతకాలంనుంచి వస్తున్న మర్యాద.

ఇరువురి మాటలూ విన్నాక పెద్దలు అక్కడికక్కడే తగ్గుగొంతులతో ఆలోచించుకుంటారు. తగవు ఏ కాలువదో ఆ కాలువ పెద్ద మాత్రం ఆ ఆలోచనలో కలవకూడదు. సందేహం ఉంటే పొలం దగ్గరకే వెళ్ళి చూసి వస్తారు. తప్పు చేసినవాడు జరిమానా కట్టాలి, నష్టం ఇచ్చుకోవాలి. ఆ తీర్పుపై అప్పీలు లేదు.

ఇంత సులువుగా తేలిపోయే కోర్టులో ఎన్నడూ అన్యాయం జరగదా అని మీకు అనుమానం రావచ్చు. మంచి అనుమానమే. వలెన్సియాలోనే పుట్టిన బ్లాస్కో ఇబాన్యెథ్ అనే రచయితకూ అది వచ్చింది. 1898లో ఆయన "లా బర్రాకా" అనే నవల రాశాడు. పేరుకు అర్థం "పూరిల్లు". అందులో బతిస్తే అనే కొత్త రైతు అంటే ఇరుగుపొరుగులకు గిట్టదు. వాళ్ళలో ఒకడు నీటి వేళ విషయంలో అతన్ని మోసగించి, తరువాత వేళకాని వేళ నీరు పెట్టాడని తనే ఫిర్యాదు చేస్తాడు. బతిస్తే ఆవేశం పట్టలేక, తన వంతు రాకుండానే నిజం అరిచి చెప్పబోతాడు. అందుకు ఇంకొక జరిమానా! గోధుమ చేను కళ్ళముందే ఎండిపోతుంటే, ఆ రాత్రి అతను తుపాకి చేతబట్టుకుని నీరు వదులుకుంటాడు. పొరుగువాళ్ళంతా ఏకమై అబద్ధం ఆడితే, కాగితం లేని కోర్టు ఏం చేస్తుంది? ఆ నవల పెద్దయ్యాక చదవండి. కంట తడి పెట్టించే కథ.

అయినా రైతులు ఈ కోర్టును వదులుకోలేదు. ఇది 960 ప్రాంతాన మొదలైందని వారి నమ్మకం. 1960లో వేయేళ్ళ ఉత్సవం కూడా చేసుకున్నారు. స్పెయిన్‌కు 1978లో వచ్చిన రాజ్యాంగం ఇలాంటి సంప్రదాయ న్యాయస్థానాలకు చోటు ఉంచింది. 2009లో యునెస్కో దీనిని మానవజాతి వారసత్వాలలో చేర్చింది.

ఇంత పేరుగల కోర్టు కదా, గంటలకొద్దీ విచారణ చూద్దామని దూరదేశాలవారు వచ్చి నిలుచుంటారు. చాలా గురువారాలు అది కొద్ది నిమిషాలలోనే ముగిసిపోతుంది. ఫిర్యాదులుండవు! ఊరి నడుమ, తనలాగే ఆ నీటినే నమ్ముకున్న రైతుల ముందు, దోషిగా నిలబడాలని ఎవరికి ఉంటుంది? బుధవారం లోపలే గట్టుమీద కూర్చుని రాజీ పడతారు.

ఇప్పుడు తూరియా ఏరు కూడా నగరం మధ్యగా పారటం లేదు. 1957 అక్టోబరులో పెద్ద వరద వచ్చి వలెన్సియాను ముంచేసింది. ఆ తరువాత ఏటిని ఊరికి దక్షిణంగా మళ్ళించారు. పాత ఏటి గర్భం ఈనాడు పొడవాటి ఉద్యానవనం. పిల్లలు అందులో సైకిళ్ళు తొక్కుతుంటారు. నగరం పెరిగి పొలాలను కూడా చాలా మింగింది. అన్నిటికంటె ఎక్కువ పోగొట్టుకున్నది రొవెల్యా కాలువ. దానికింద ఒకప్పుడు తోటలున్నచోట ఇప్పుడు చాలావరకు ఇళ్ళూ వీధులే.

బంట్రోతు పిలిచే వరుసలో ఆ కాలువ పేరు కూడా ఉంటుంది. గురువారం నాడు అతను దానినీ పిలుస్తాడు. "రొవెల్యా కాలువలో ఫిర్యాదుకు గురైనవారు!" జనం కాసేపు అటూ ఇటూ చూస్తారు. ఎవరూ రారు. ఎనిమిదిమందీ లేచి వెళ్ళిపోతారు. కుర్చీలను లోపలికి మోసుకుపోతారు, వచ్చే గురువారం దాకా.