స్వరమును, వర్ణమును పట్టిన వర్తకుడు

బొబ్బిలి యుద్ధము 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన జరిగెను. ఆనాడు రాజాములో నుండిన తాండ్ర పాపారాయుని పేరెఱుగనివా రీ ప్రాంతమున లేరు. కాని ఆ వీరుని ముఖ మెట్లుండెనో, కంఠ మెట్లు మ్రోగెనో చెప్పగల వారెవ్వరు? కథకుని నోటి పాటయే మనకు దక్కిన చిత్తరువు. రూపమును గాజుపలకపైనను, కంఠమును మైనపు గొట్టముపైనను నిలుపు విద్యలు పందొమ్మిదవ శతాబ్దమున పుట్టినవి. ఆ రెంటిని చేపట్టిన భారతీయ వర్తకు డొకని చరిత్రమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ఆయన హేమేంద్రమోహన బోసు. 1864లో వంగదేశమున జన్మించెను. మన ఆదిభట్ల నారాయణదాసుగారు అజ్జాడలో జన్మించిన సంవత్సరము నదియే. బోసు కుంతలీనమను తలనూనెను తయారుచేసి ధనము గడించెను. 1896 నుండి ఆ తైలము పేరనే కథలకు బహుమతులిచ్చెను. మొదటి బహుమతి జగదీశచంద్ర బోసుకు ముట్టినది. మనవారు తమవానిగా చదువుకొను శరత్‌చంద్రుడు 1903లో మేనమామ పేరు పెట్టి పంపిన కథకును ఆ బహుమతియే లభించినది.

ఎడిసను యంత్రమును తెప్పించి ఆయన కలకత్తాలో పాటల వ్యాపారము ప్రారంభించెను. గాయకుడు కొమ్ములోనికి పాడగా, సూది అదరి మైనముపై గాడి గీయును. ఆ గాడి వెంట మరల సూది నడచినచో పాట పలుకును. విదేశీయుల గ్రామఫోను కంపెనీ 1902లోనే కలకత్తాకు వచ్చి మన గాయకుల పాటలను ముద్రించుకొని పోయెను. 1905లో వంగవిభజన జరిగినది. 1906 ఏప్రిలులో బారిసాలున వందేమాతర మన్నవారిపై పోలీసుల లాఠీలు పడినవి. ఆ సంవత్సరమే బోసు తన సొంత రికార్డులను అంగడిలో పెట్టెను. రవీంద్రుడు స్వయముగా పాడిన వందేమాతరము వానిలో నొకటి. మఱుసటి యేడు బిపినచంద్రపాలుడు ఆంధ్రమున పర్యటించినప్పుడు రాజమహేంద్రవరమున విద్యార్థులు ఆ మాట కొఱకే కళాశాలనుండి వెడలగొట్టబడిరి. నోరు మూయించుట ప్రభుత్వమునకు సులభమే. ఇంటింట తిరుగు గొట్టమును మూయించుట యెట్లు?

పాట ఆయనకు వ్యాపారము. ఛాయాచిత్రము కేవలము ముచ్చట. 1907లో ఫ్రాన్సుదేశపు ల్యూమియేర్ సోదరులు రంగుల పలకలను విక్రయింప నారంభించిరి. బంగాళదుంప పిండిరేణువులకు మూడు రంగులద్ది గాజుపై పఱచుటయే అందలి యుపాయము. మన దేశమున వానిని మొట్టమొదట చేపట్టినవారిలో బోసు ఒకడు. ఆ పలకకు నకలు లేదు. పగిలెనా, చిత్రము పోయినట్లే.

మైనపు గొట్టముల గతియు నంతే. ఎండకు కరగును, వానకు బూజు పట్టును, ఆడించినకొలది అరగును. బోసు గొట్టములలో నశించినవే యెక్కువ. రవీంద్రుని ఆ వందేమాతరము నేటికిని వినబడుచున్నదన్న, దానిని పారిసులోని పాథే కంపెనీవారు పళ్లెములుగా అచ్చువేయుటచేతనే. స్వదేశి పాట బ్రదుకుటకు విదేశి యచ్చు కావలసివచ్చినది. ఇది మనము మఱవరాని పాఠము.

బోసు 1916లో గతించెను. కుమారులలో నితిను కెమెరాను, ముకులుడు శబ్దయంత్రమును పట్టిరి. 1935లో వారి చేతిమీదుగా వెలువడిన భాగ్యచక్రముతో, పాటను వేఱుగా ముద్రించి నటుల పెదవులకు జతచేయు పద్ధతి మన చలనచిత్రములలో వేరూనెను. తండ్రి వేఱువేఱుగా కూర్చిన రూపమును, స్వరమును కొడుకులు ఒక్క తెరపై కలిపిరి.

రాజాములో గోగునార వ్యాపారముచే సంపన్నమైన యిండ్లు గలవు. చేరువనే గొల్లపల్లిలో ఒక్క పనసమాను తొలిచి బొబ్బిలి వీణలు చేయువారు గలరు. ఇండ్ల అటకలపై పాత పటములు, రికార్డులు చెదలపాలగుచుండుట మేమెఱుగుదుము. పటము వెనుక పేరును, సంవత్సరమును వ్రాసి నకలు తీయించుటకు బోసు సంపద యక్కఱలేదు. ఒక్క మధ్యాహ్నము చాలును. పేరెఱిగిన పెద్దలు ఇంట నుండగనే ఆ పని కావలెను.