బ్రిడ్జి యాటలో భాగస్వామి యడ్డుపాటకు ప్రత్యుత్తరము

పేకముక్కల పేరు చెప్పినంతనే మన తిరుపతి, చిత్తూరు ప్రాంతములందలి తలిదండ్రులు పందెమును దలంచి కలతచెందుట సహజము. పందెము గట్టి యాడు నే యాటను మేమును సమర్థింపము. కాని పందెము లేక యాడు బ్రిడ్జి వేఱు. సికింద్రాబాదులోని యొక క్లబ్బున జరిగిన రమ్మీ యాటనుగూర్చిన వ్యాజ్యమున సుప్రీము కోర్టు 1967లో తీర్పు చెప్పుచు, రమ్మీ ప్రధానముగా నైపుణ్యముపై నాధారపడిన యాటయని నిర్ణయించి, దానిని బ్రిడ్జితో పోల్చినది. 2015లో మనకు పొరుగుననున్న చెన్నపట్టణమున బ్రిడ్జి ప్రపంచ జట్ల పోటీలు జరిగినవి. 2018లో జకార్తా నగరపు ఆసియా క్రీడలలో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ అను నిరువురు మన దేశమునకు బ్రిడ్జియందు స్వర్ణపతకమును సంపాదించిరి. అప్పటికి బర్ధన్ గారి వయస్సు 60 సంవత్సరములు. ఇట్టి యాటలో నొక చిన్న విషయమును మాత్రమే యిచట వివరింపదలచితిమి.

ఆట తెలియనివారికై రెండు మాటలు. ఆడువారు నలుగురు; ఎదురెదురుగా గూర్చున్న యిద్దఱొక జట్టు. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అను నాలుగు జాతుల 52 ముక్కలను ఒక్కొక్కరికి 13 చొప్పున పంచుదురు. గెలువవలసిన పట్టులు 13. మొదట వేలము సాగును. ఒకరు "3 ఆఠీనులు" అని పాడినచో, ఆఠీనును తురుపుగా నుంచి 6 పట్టులపై మఱి 3, అనగా మొత్తము 9 పట్టులు గెలిచెదమని ప్రతిజ్ఞ చేసినట్లు. నేడు వాడుకలోనున్న లెక్కకు మూలమైన పద్ధతిని అమెరికా దేశస్థుడగు హెరాల్డ్ వాండర్‌బిల్ట్ 1925లో పనామా కాలువ మీదుగా నోడలో ప్రయాణించుచు రూపొందించెను.

చేతి బలమును గుణించుటకు ఆసునకు 4, రాజునకు 3, రాణికి 2, జాకీకి 1 అని లెక్కింతురు. సాధారణముగా పాట నారంభించుటకు 12 లెక్కలైనను వలయును. అయితే యొకని చేత 10 లెక్కలకు లోపుగానే యుండి, ఒకే జాతి ముక్కలు 7 కలిగినచో, అతడు తిన్నగా 3వ మెట్టునుండియే పాడవచ్చును. దీనినే మేము అడ్డుపాట యనుచున్నాము. బలము ప్రత్యర్థుల చేత నున్నదని యెఱిగి, వారు మెల్లగా మాటాడుకొనుటకు చోటులేకుండ జేయుటయే దీని యుద్దేశము.

ఇందు నష్టము లేకపోలేదు. ప్రత్యర్థులు డబుల్ చేసినపుడు ఒకటి, రెండు, మూడు పట్టులు తఱిగినచో దండన క్రమముగా 100, 300, 500. వల్నరబుల్ అను స్థితిలో, అనగా లాభనష్టములు రెండును హెచ్చుగా లెక్కింపబడు స్థితిలో, అదియే 200, 500, 800. పోటీలలో ఆ స్థితియందు ప్రత్యర్థులు 4 ఇస్పేటులు నెగ్గినచో వారికి 620 వచ్చును. 620 పోవుటకంటె 500 పోవుట మేలు. 800 పోవుట కీడు. ఈ తారతమ్యమును నిర్ణయింపవలసినవాడు పాడినవాడు కాడు, అతని భాగస్వామి. ఏలయన, పాడినవాడు తన చేతిని ఒక్క మాటలో తెలిపివేసినాడు. ఇక నడుగకుండ నతడు నోరు తెఱవరాదు. రెండు చేతుల సంగతి యెఱిగినవాడు ఎదుటివా డొక్కడే. అతడు పాటింపవలసిన నియమములు మూడు.

మొదటిది: తురుపులు హెచ్చుగా నున్నచో వెంటనే పాటను పెంచవలెను. భాగస్వామి 3 ఆఠీనులనెను, నడుమవాడు పాసనెను. మన చేత ఇస్పేటు 8, 3. ఆఠీను రాజు, 7, 4. డైమను రాణి, 9, 6, 5, 2. కళావరు 8, 6, 4. లెక్కలు 5 మాత్రమే. అయినను 4 ఆఠీనులని పాడవలెను. అతనివి 7, మనవి 3, వెరసి 10 తురుపులు. కనుక 10 పట్టుల మెట్టు. ఫ్రాన్సు దేశస్థుడగు ఝాన్ రెనే వెర్న్ 1969లో ప్రకటించిన సూత్రమునకు, లారీ కోహెన్ 1992లో గ్రంథముగా వ్యాపింపజేసిన దానికి సారమిదియే. ఇస్పేటులలో ప్రత్యర్థులకు పెద్ద యాట యుండుట నిశ్చయప్రాయము. వారొకరినొకరు కనుగొనకమునుపే తలుపు మూయవలెను.

రెండవది: గెలుపునకై పెంచునపుడు లెక్కలను గాక పట్టులను గుణింపవలెను. వల్నరబుల్ కానపుడు 3 ఆఠీనులు పాడినవాని చేత సుమారు 6 పట్టులు, వల్నరబుల్ అయినపుడు 7 పట్టులు ఉండునని తలంపవచ్చును. మన చేత ఇస్పేటు ఆసు, రాజు, 5. ఆఠీను 8, 4. డైమను ఆసు, రాజు, 7, 2. కళావరు 9, 6, 5, 3 ఉన్నచో మనవి 4 పట్టులు. ఆరును నాలుగును పది. 4 ఆఠీనులు పాడవలెను. పై జాతులలో ఆసులు, రాజులు పనికివచ్చును గాని, రాణులు, జాకీలు అంతగా నక్కఱకు రావు.

మూడవది, క్రొత్తవారికి మిక్కిలి కష్టమైనది: రక్షింపబోయి చెఱుపరాదు. మన చేత ఇస్పేటు రాజు, జాకీ, 9, 6, 4, 2, ఆఠీను 5, డైమను రాణి, జాకీ, 8, 3, కళావరు రాజు, 7 ఉన్నవి. ఆఠీను ఒక్కటే గదా యని 3 ఇస్పేటులు పాడ మనసగును. పాడరాదు. క్రొత్త జాతిని పాడుట బలమునకు గుర్తు. దానికి భాగస్వామి మరల పాడియే తీరవలెను. అతడు 4 ఆఠీనులకు బోవును. 9 పట్టులే దుర్లభమైనచోట 10 గెలువవలసివచ్చును. అతని యేడు ఆఠీనులు తురుపైనపుడే ఫలించును. మన ఇస్పేటులు అతని తురుపు క్రిందను కొంత తోడ్పడవచ్చును. కనుక పాసనుటయే యుత్తరము. ప్రత్యర్థులు డబుల్ చేసిరని బెదరి పరుగిడుటయు తగదు.

పై మూడు నియమములకును మూల మొక్కటియే. ఎదుటివాడు తన బలహీనతను దాచక చెప్పినాడు. ఆ మాటను నమ్మి, పెంచవలసినచోట జంకక పెంచుట, ఊరకుండవలసినచోట ఊరకుండుట, ఓడినపుడు నింద మోపకుండుట భాగస్వామి ధర్మములు. తెలివిగలవారు పలువురు ఈ యాటలో నోడుట ముక్కలు చాలక కాదు, ఎదుటివాని మాటను నమ్మజాలక. మన విద్యార్థులు సెలవు దినములలో పందెము లేక నలుగురు గూర్చుండి యీ మూడు చేతులను పఱచి చూచుకొందురుగాక. గుణకారముతోపాటు మౌనమును గూడ కొంత నేర్చుకొనగలరు.